టేబుల్‌టాప్ ఆట కోసం ఒక నగరాన్ని మొదటి నుంచి గీయడం ఎలా: తిరుపతి వీధుల్లో నేర్చుకున్న పద్ధతి

మా ఆట కోసం నేను గీసిన మొదటి నగరానికి మూడు వారాలు పట్టింది. చుట్టూ కోటగోడ, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, నడుమ రాజమహలు, దాదాపు మూడు వందల ఇళ్లు. ఒక్కో ఇంటి కప్పు మీద పెంకులు కూడా వేశాను. ఆదివారం సాయంత్రం బైరాగిపట్టెడలో స్నేహితుడి మేడ మీద చాప పరిచి మ్యాప్ విప్పితే అందరూ చాలా బాగుందన్నారు. ఐదు నిమిషాలు కాకుండానే ఒకమ్మాయి అడిగింది, "ఈ ఊరోళ్లు తాగేనీళ్లు యాడ్నుంచి తెచ్చుకుంటారు?" ఆమె పాత్ర ఒక వైద్యురాలు, ఊళ్లో విషం ఎలా పాకుతోందో కనిపెట్టాలి, అంటే ఆ రోజు కథంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడవాలి. మూడు వందల ఇళ్లు గీసిన నా మ్యాప్‌లో ఒక్క బావి లేదు.

ఆ రాత్రి ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే తట్టింది, నేను పుట్టి పెరిగిన ఊరే ఒక పెద్ద పాఠం కదా అని. అప్పటి నుంచి ఏ నగరం గీయాలన్నా ముందు తిరుపతిలో నడుస్తాను, ఒక్కోసారి చిత్తూరు దాకా బస్సెక్కుతాను. ఈ పద్ధతి అలా నడిచి తయారు చేసుకున్నదే. ఈ ఆటలు కొత్తవాళ్లకి ఒక్క మాట: టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే నలుగురైదుగురు కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ నోటితో కథ నడిపించే ఆట. 1974లో అమెరికాలో అచ్చయిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇవి జనంలోకి వచ్చాయి. లోకాన్ని సిద్ధం చేసి కథ నడిపే మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మనిషి కోసం.

మొదట: జనం ఈ ఊరికి ఎందుకు వస్తారు?

పెన్సిల్ పట్టుకోకముందే ఈ ప్రశ్నకి ఒకే వాక్యంలో జవాబు రాయండి. తిరుపతికైతే ఆ వాక్యం చాలా చిన్నది: కొండ మీద దేవుడున్నాడు. రైల్వే స్టేషన్‌కి ఎదురుగా యాత్రికుల వసతి గృహాలు ఎందుకున్నాయి, తెల్లారుజామున మూడింటికి కూడా ఇడ్లీ ఎలా దొరుకుతుంది, సామాను దాచుకునే గదులు ఎందుకన్ని ఉన్నాయి, గుండు చేయించుకున్నవాళ్ల కోసం టోపీలు అమ్మే బండ్లు ఎందుకున్నాయి, వీటన్నిటికీ మూలం ఆ ఒక్క వాక్యమే. చిత్తూరు వాక్యం వేరు. అక్కడికి బెంగళూరు దారి, వేలూరు దారి, తిరుపతి దారి వచ్చి కలుస్తాయి, 1911లో జిల్లా కేంద్రమైంది, చుట్టూ మామిడి తోటలు, బెల్లం. అందుకే ఆ ఊళ్లో కనబడే జనం కోర్టు పని మీద వచ్చినవాళ్లు, మండీకి సరుకు తెచ్చినవాళ్లు, బస్సు మారేవాళ్లు. రెండు ఊళ్ల మధ్య దూరం డెబ్బై కిలోమీటర్లే, స్వభావం మాత్రం పూర్తిగా వేరు.

"ఇది వ్యాపార నగరం" అని రాస్తే సరిపోదు. ఏం వ్యాపారం, ఇక్కడే ఎందుకు, పక్క ఊళ్లో ఎందుకు జరగదు, అక్కడిదాకా వెళ్లాలి. ఉదాహరణకి నేను ఇప్పుడు ఆడిస్తున్న నగరం పేరు చాయలేరు. దాని వాక్యం ఇది: "ఈ ఏటి నీళ్లలో ఉతికితేనే ఎర్ర రంగు గుడ్డకి పట్టుకుంటుంది." మిగతా ఊరంతా ఈ వాక్యంలో నుంచే పుట్టింది, అదెలాగో కింద చెప్తాను.

తరువాత నీళ్లు, వాలు

ఖాళీ కాగితం మీద అన్నిటికన్నా ముందు గీయాల్సినవి ఇవి రెండే. ఎత్తు ఎటు, పల్లం ఎటు, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయి. తిరుపతిలో ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద కురిసిన వాన కపిలతీర్థం దగ్గర జలపాతంలా దూకి ఊరి మీదుగా పల్లానికి పోవాలి. పాతకాలం వాళ్లు దారి పొడవునా చెరువులు, గుంటలు తవ్వి ఆ నీళ్లు పట్టుకున్నారు. ఇప్పుడు చాలా చోట్ల పేర్లే మిగిలాయి, కొర్లగుంట అంటాం కానీ గుంట కనబడదు. 2021 నవంబర్ వానలకి ఆ నీళ్లు తమ పాత దారినే వెతుక్కుంటూ వచ్చాయి, వీధులు కాలువలయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ పల్లెల వాళ్లని ఖాళీ చేయించారు. మా వీధిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నప్పుడు నాకు మా ఊరి వాలు ఎటుందో మొదటిసారి నిజంగా అర్థమైంది. ముప్పై ఏళ్లు ఆ వీధుల్లో తిరిగాను, కానీ ఎటు పల్లమో ఎప్పుడూ గమనించలేదు.

మ్యాప్‌లో దీన్ని ఇలా వాడండి. నీళ్లు ఊళ్లోకి వచ్చే వైపు గుళ్లు, డబ్బున్నవాళ్ల ఇళ్లు, తాగేనీటి రేవు పెట్టండి. ఊరు దాటి పోయే వైపు తోలు పని, రంగుల పని, చాకిరేవు, శ్మశానం పెట్టండి. పాత బావులకి, చెరువులకి పేర్లు పెట్టి, వాటిలో రెండింటిని పూడ్చేసి పైన ఇళ్లు కట్టినట్టు గీయండి, వాన పడిన రోజు ఆట వాటి చుట్టూ దానంతటదే తిరుగుతుంది. కొండ మీద కూడా ఊరుంటే దాని నీళ్లు విడిగా ఆలోచించాలి. తిరుమలకి గోగర్భం, పాపవినాశనం, కుమారధార, పసుపుధార లాంటి డ్యాములు కొండ మీదే ఉన్నాయి, కింద చంద్రగిరి వైపు కల్యాణి డ్యామ్ ఉంది. ఎవరి చేతిలో ఆ తూములు ఉంటాయో ఊరు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

దారులు ముందు, ఇళ్లు ఆఖరున

చాలామంది ఇళ్లు గీసి మధ్యలో మిగిలిన సందుల్ని వీధులు అంటారు. మొదట నేను చేసిందీ అదే. నిజానికి ముందు కాలిబాట పడుతుంది, ఆ బాట పక్కన ఒకడు నీడకి పందిరి వేస్తాడు, ఇంకొకడు మజ్జిగ అమ్ముతాడు, తర్వాత ఇల్లు లేస్తుంది.

జనం నడక మారే చోట్లు వెతకండి. బండి దిగి నడవాలి, నడక మాని మెట్లెక్కాలి, పడవ ఎక్కాలి, అలాంటి చోట. అలిపిరి సరిగ్గా అలాంటిది. అక్కణ్ణించి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా కొండెక్కాలంటే కాళ్లే దిక్కు, చేతకానివాళ్లకి డోలీ. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి అయ్యాయి. ఈ చివరి ముక్క గేమ్ మాస్టర్లకి బంగారం లాంటిది. ఎక్కే దారి, దిగే దారి వేరువేరుగా ఉన్న ఊళ్లో ఒకరిని వెంటాడాలంటే ఎలా? ఎక్కినవాడు దిగేదాకా అదే దారిలో కాపు కాస్తే వాడు దొరకడు. పైగా అలిపిరిలో తనిఖీ ఉంది, మందు, మాంసం, పొగాకు పైకి పోనివ్వరు. మీ నగరంలో కూడా ఏ వస్తువు ఏ గీత దాటకూడదో ఒక్కటి నిర్ణయించండి, ఆటగాళ్లు అదే వస్తువు ఎలాగైనా తీసుకెళ్లాలని చూస్తారు, ఎప్పుడూ అంతే.

వీధుల వెడల్పు సంగతి. ఈ ఊళ్లో కదిలే అన్నిటికన్నా పెద్ద వస్తువు ఏది అని అడగండి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ మాడవీధుల్లో ఉత్సవాలప్పుడు రథం తిరగాలి, మలుపులో చక్రం ఒరుసుకోకూడదు. అక్కణ్ణించి పక్క సందులోకి తిరిగితే రెండు సైకిళ్లు ఎదురెదురుగా వస్తే ఒకటి ఆగాలి. మీ ఊళ్లో ఏనుగు తిరుగుతుందా, దుంగల బండ్లు తిరుగుతాయా, యంత్రాలు మోసుకెళ్లే పెద్ద బండి ఉందా? అది పోయే దారి ఒక్కటే వెడల్పుగా గీయండి. మిగతావి ఎంత ఇరుకుగా ఉంటే అంత మేలు.

మూడు కాలాలు, మూడు పొరలు

ట్రేసింగ్ పేపర్ తీసుకోండి, ఊరిని మూడుసార్లు గీయండి. మొదటిది పుట్టినప్పుడు, రెండోది ఏదో పెద్ద మార్పు వచ్చినప్పుడు, మూడోది ఆట జరిగే రోజు.

తిరుపతి మొదటి పొర 12వ శతాబ్దం, రామానుజాచార్యుల కాలంలో గోవిందరాజస్వామి ప్రతిష్ఠ, చుట్టూ అగ్రహారపు వీధులు. తర్వాత 19వ శతాబ్దం చివర్లో రైలు వచ్చింది, వచ్చేసరికి ఊరు స్టేషన్ వైపు సాగింది. ఆ తర్వాత 1954లో విశ్వవిద్యాలయం వచ్చి పడమటి పక్క కాలనీలు పుట్టాయి. ఊరు మూడుసార్లు మూడు వైపులకి సాగిందన్నమాట. పక్కనే చంద్రగిరిని చూడండి. 1565 తర్వాత విజయనగర రాజులు పెనుకొండకి, ఆపైన చంద్రగిరికి వచ్చి అక్కణ్ణించి పాలించారు. రాజులు వెళ్లిపోయారు, రాజమహల్ అలాగే నిలబడి ఉంది, కోట లోపల మేకలు మేస్తుంటే చూశాను. రాజధానిగా బతికి మళ్లీ చిన్న ఊరైపోయిన చోట ఆట ఆడించడం నాకు మహా ఇష్టం, ఎందుకంటే ప్రతి రాయికీ ఒకప్పుడు వేరే పని ఉండేది.

పేర్లలో కూడా పొరలు కనబడాలి. చిత్తూరులో సంతపేట, మిట్టూరు, కట్టమంచి పక్కపక్కనే గ్రీమ్స్‌పేట ఉంది, ఆ ఒక్క పేరు వినగానే తెల్లదొరల కాలం కళ్ల ముందుకొస్తుంది. గుంట, కట్ట, మిట్ట, కోన, రేవు, పాళెం, పట్టెడ ఇవన్నీ నేల గురించో, ఊరి గురించో చెప్పే మాటలు. "డ్రాగన్ స్పైర్" లాంటివి పెట్టుకునే బదులు "బూడిదమిట్ట" అని పెట్టి చూడండి, టేబుల్ దగ్గర ఎవరో ఒకరు ఏం కాలిపోయిందక్కడ అని అడగకుండా ఉండరు.

ఒక్క పనిని పట్టుకుని ఒక పేట గీయండి

ఈ వ్యాసం మొత్తంలో ఒకటే గుర్తుపెట్టుకోమంటే ఇదే. ఊళ్లో జరిగే ఒక చేతిపనిని తీసుకుని దానికి కావలసిన ప్రతి సరుకు ఎక్కణ్ణించి వస్తుందో వెతకండి. నేను శ్రీకాళహస్తి కలంకారీ తీసుకున్నాను. ఒకసారి అక్కడ ఒక పెద్దాయన పని చేస్తుంటే గంటలకొద్దీ పక్కన కూర్చున్నాను. వెదురు పుల్ల కొసకి నూలు చుట్టి రంగులో ముంచుతారు, వేలితో మెల్లగా నొక్కితే రంగు చుక్క కొసకి దిగుతుంది, అదే కలం. ఆ కలం వెనకాల ఎంత ఉందో చూడండి.

గుడ్డని ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే రంగు పాకిపోతుంది. కరక్కాయ అడవి నుంచి రావాలి కాబట్టి అడవి వైపు ద్వారం ఉండాలి, దాని పక్కన అడవి సరుకు కొనే అంగళ్లు ఉండాలి. పాలు కావాలి కాబట్టి దగ్గర్లో గేదెల దొడ్లు, వాటికి గడ్డి బండ్లు. నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు, దాన్ని కసిమి అంటారు. అంటే పక్కన కమ్మరి కొలిమి ఉండాలి, బెల్లం బండి రావాలి, ఆ వీధిలో పుల్లటి వాసన ఉండాలి. ఎరుపుకి పటిక కావాలి, అది దూరం నుంచి వచ్చే సరుకు, కనుక దాన్ని తెచ్చే షావుకారు చేతిలో పేట మొత్తం ఇరుక్కుని ఉంటుంది. ఉడకబెట్టడానికి కట్టెలు, ఉతకడానికి పారే నీళ్లు, ఆరబెట్టడానికి ఇసుక తిన్నె, ఎండ.

ఇప్పుడు కాగితం చూసుకోండి. మీరు ఇంకా ఒక్క ఇల్లు గీయలేదు. అయినా అడవి ద్వారం, అంగడి వీధి, దొడ్లు, కొలిమి, షావుకారు గిడ్డంగి, కట్టెల అడితి, ఇసుక తిన్నె, ఇవన్నీ ఏది ఎక్కడ ఉండాలో తేలిపోయింది. చాయలేరులో ఈ పేటని తాగేనీటి రేవుకి దిగువన పెట్టాను, దాని కింద ఏటి నీళ్లు పని జరిగే రోజుల్లో ఎర్రగా పారుతాయి. వేసవిలో ఏరు సన్నబడితే ఎగువ వాళ్లు నీళ్లు ఆపుతారు, గొడవ మొదలవుతుంది. ఇందులో నేను కూర్చుని కల్పించిన కథ ఏదీ లేదు, అంతా సరుకులో నుంచి వచ్చింది.

ఇలాంటి పేటలు రెండు చేయండి, మూడు చాలా ఎక్కువ. మిగతా వాడలకి ఒక్కో వాక్యం రాసి వదిలేయండి, ఆటగాళ్లు అటు వెళ్తే అప్పుడు చూసుకోవచ్చు.

లెక్కలు

ఏ4 కాగితం మీద 1 సెంటీమీటరుకి 50 మీటర్లు అనుకుంటే కాగితం మొత్తం సుమారు ఒక కిలోమీటరు వెడల్పు, కిలోమీటరున్నర పొడవు వస్తుంది. గోడ ఉన్న పాతకాలపు నగరానికి ఇది ధారాళంగా సరిపోతుంది. మామూలు నడకలో ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై నిమిషాలు, సంత రోజైతే నలభై. హెక్టారుకి 150 మంది అని నేను వేసుకునే లెక్క, అంటే చదరపు కిలోమీటరుకి 15,000 మంది. మనిషికి రోజుకి అర కిలో ధాన్యం అనుకుంటే ఏడున్నర టన్నులు, ఎద్దుల బండి టన్ను మోస్తుందనుకుంటే రోజూ ఏడెనిమిది బండ్లు ద్వారం దాటి లోపలికి రావాలి. ద్వారం రెండు రోజులు మూస్తే ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు, ఆటగాళ్లు అడిగితే తడుముకోనక్కర్లేదు.

పోరాటాల మ్యాప్ వేరు. అక్కడ సాధారణంగా ఒక గడి అంటే 5 అడుగులు. నగరం మొత్తాన్ని ఆ గడుల్లో గీయాలని చూస్తే ఏడాది పడుతుంది, వద్దు. గొడవ జరగడానికి వీలున్న మూడు చోట్లు మాత్రం గడుల్లో గీసి పక్కన పెట్టుకోండి.

ఊరికి పండుగ పెట్టండి

మ్యాప్ అంటే ఒక రోజు ఫోటో లాంటిది, కానీ ఊరు ప్రతి రోజూ ఒకేలా ఉండదు. మా గంగమ్మ జాతర సంగతి చెప్తాను. ముందు చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరివాళ్లు రాత్రి పొలిమేర దాటి ఉండకూడదని మా అమ్మమ్మ ఇప్పటికీ పట్టుబడుతుంది. తర్వాత రోజుకొక వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. మగవాళ్లు ఆడవేషం కట్టి వేపాకు పట్టుకుని గుడికి నడుస్తారు. దీని వెనక కథ తిరుపతిలో అందరికీ తెలిసిందే. ఆడవాళ్లని చెరబట్టే పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కుంటే, ఆమె రోజుకొక వేషంలో ఊరంతా గాలించింది, చివరికి దొర వేషంలో వచ్చినప్పుడు వాడు నిజంగా దొరే వచ్చాడనుకుని బయటపడ్డాడు, అక్కడే వాణ్ణి చంపింది.

దీన్ని ఒక గేమ్ మాస్టర్ కళ్లతో మళ్లీ చదవండి. మూసేసిన ఊరు, దాక్కున్న దుర్మార్గుడు, వేషాలు వేసుకుని వాడవాడా వెతకడం. ఆటకి ఇంతకన్నా ఏం కావాలి? నమ్మకంతో చేసే జాతరని ఉన్నది ఉన్నట్టు ఎత్తి మన ఆటలో పెట్టమని అనట్లేదు, నేనూ పెట్టలేదు. దాని ఎముకలు చూడండి: ఊరిని కొన్ని రోజులు మార్చేసే ఒక నియమం, ఆ రోజుల్లో మాత్రమే తెరుచుకునే దారి, ఆ రోజుల్లో మాత్రమే మనుషులకి దొరికే చనువు. చాయలేరులో ఏడాదికి ఒక రోజు ఎవరూ రంగు గుడ్డ కట్టరు. ఆ రోజు షావుకారెవరో, కూలి ఎవరో చూసి చెప్పలేరు. ఈ ఒక్క నియమం మా ఆటకి నాలుగు ఆదివారాలు సరిపోయింది.

గీయడం, అక్షరాలు, రెండు మ్యాపులు

ఇంకార్నేట్ లాంటి వెబ్‌సైట్లలో మ్యాపులు అందంగా గీసుకోవచ్చు. వటబౌ అనే పేరుతో ఒక ప్రోగ్రామర్ చేసిన నగరాల జనరేటర్ ఒక్క క్లిక్‌తో గోడలు, వీధులు ఉన్న ఊరు ఇస్తుంది, బుర్ర మొద్దుబారినప్పుడు దాన్ని చూసి మీ వాలు, నీళ్లకి తగ్గట్టు మార్చుకోవచ్చు. కానీ మొదటి మ్యాప్ పెన్సిల్‌తోనే గీయండి, చెరపడానికి మనసొప్పుతుంది.

తెలుగులో పేర్లు రాసేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. కొన్ని టూల్స్‌లో వత్తులు, గుణింతాలు విడిపోయి అక్షరం చెదిరిపోతుంది. బొమ్మని పేర్లు లేకుండా దించుకుని, తెలుగు సరిగ్గా చూపించే వేరే యాప్‌లో పేర్లు పెట్టండి, లేదా ప్రింట్ తీసి చేత్తో రాయండి. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వీధి గీతకి కాస్త పైన రాయాలి, ఏటి వంపు వెంబడి వంకరగా రాయడం మానుకోండి, చదవలేరు.

రెండు కాపీలు చేయండి. మీ కాపీలో అన్నీ ఉండాలి. ఆటగాళ్ల కాపీ మాత్రం ఆ ఊళ్లోనే ఒకరు గీసినట్టుండాలి, ఎవరు గీశారో ముందు తేల్చుకోండి. యాత్రికులకి అమ్మే మ్యాప్ అయితే గుడి ఊరిలో సగం ఉంటుంది, కూలివాడ ఉండనే ఉండదు. సుంకం వసూలు చేసేవాడు గీసింది అయితే ద్వారాలు గజాల కొలతలతో సహా ఉంటాయి, గుళ్లు ఉండవు. లేని చోటు ఉందని తెలిసిన రోజు ఆటగాళ్ల ముఖాలు చూడాలి.

ఆటకి ముందు రోజు

మ్యాప్ మీద వేలు పెట్టి మూడు నడకలు నడవండి. చేతిలో డబ్బు లేని మనిషి చీకటి పడ్డాక ద్వారం దగ్గరికి వచ్చాడు, తెల్లారేదాకా ఎక్కడెక్కడ ఉంటాడు? అంగడి వీధిలో నిప్పంటుకుంది, ఎటు పాకుతుంది, నీళ్లు ఎటు నుంచి తెస్తారు? ఒక దొంగ నడివీధిలో సంచి లాక్కుని పారిపోతున్నాడు, ఈ ఊళ్లోనే పుట్టినవాడు, ఏ సందులో దూరతాడు? వేలు ఎక్కడ ఆగిందో అక్కడ ఇంకో పావుగంట పని ఉంది. మిగతావన్నీ ఖాళీగా వదిలేయొచ్చు, టెన్షన్ పడకండి.

పోయిన ఆదివారం చాయలేరులో ఆట మొదలుపెడుతూ, పొద్దున్నే వాళ్లు దిగువ వంతెన దాటుతున్నారని, గాలి చల్లగా ఉందని, కింద నీళ్లలో ఇసుక రేణువులు కూడా కనబడుతున్నాయని చెప్పాను. అది ఆ రోజు కథకి తాళంచెవి, కానీ ఎవరికీ పట్టదేమో అనుకున్నాను. అప్పట్లో బావి గురించి అడిగిన అమ్మాయే పాచికలు పక్కన పెట్టి ముందుకి వంగింది. "అన్నా, నీళ్లు తేటగా ఉండాయా? అంటే ఈరోజు పేటలో ఎవురూ పని చేస్తా లేరు. ఏందో అయింది. పాండి అటే."